అలారం ఉన్న కేబుల్ లాక్: బిగించే పద్ధతి, వాడే పద్ధతి (తిరుపతి బండ్లకు)

కేబుల్ లాక్ కొనడానికి అంగడికి పోయినవాళ్లు మొదట అడిగే మాట, "ఇది తెగదు కదా?" అని. తెగుతుంది. వేలు లావున్న ఉక్కు తాడైనా బోల్ట్ కట్టర్ నోట్లో పెడితే కొన్ని సెకన్లే నిలుస్తుంది. సన్నతాడుకైతే కరెంటు పనివాళ్ల కటింగ్ ప్లేయరు చాలు, నాలుగైదు కొరుకుళ్లలో పోగులన్నీ విడిపోతాయి. దాంట్లో అలారం పెట్టింది అందుకే. తాడు దొంగను కాసేపు నిలబెడుతుంది, ఆ కాసేపట్లో కూత ఒక మనిషిని రప్పించాలి. ఆ కూత వినేవాళ్లు దగ్గర్లో ఉండాలి, విన్నవాళ్లు దాన్ని నమ్మాలి. కింద చెప్పే ప్రతి పనీ ఈ రెండింటి కోసమే.

కోస్తా వైపు తాళం అంటారు, మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో బీగం అంటాం. అంగడిలో 'అలారం లాక్' అని అడిగితేనే తీసిస్తారు.

మీ చేతిలో ఉన్నది ఏ రకం

అలారం లాకుల్లో రెండు రకాలున్నాయి. పైకి ఒకేలా కనిపిస్తాయి, పనిచేసే తీరు మాత్రం వేరు.

మొదటిది కదలికను కనిపెట్టేది. లాక్ డొక్కలో, అంటే తాడు కొసలు కలిసే పెట్టెలో, చిన్న స్ప్రింగో గోళీయో ఉంటుంది. బండి ఊగినా, ఎవరైనా లాకును తట్టినా అది తగలాల్సిన చోట తగిలి అలారానికి కరెంటు అందుతుంది. మనకు దొరికేవాటిలో ఎక్కువ ఇవే. రెండోది తాడు తెగితే కనిపెట్టేది. ఉక్కు పోగుల మధ్యలో సన్నని రాగి తీగ ఒకటి ఈ కొస నుంచి ఆ కొసదాకా పోతుంది. లాక్ వేయగానే అందులో కొద్దిపాటి కరెంటు తిరుగుతూ ఉంటుంది. తాడును కోస్తే తీగ తెగుతుంది, తీగ తెగితే మోగుతుంది. బండిని ఎంత ఊపినా ఇది పలకదు. రెండూ కలిసి ఉన్నవీ దొరుకుతాయి, ధర ఎక్కువ.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మొదటి రకంలో తాడుకూ అలారానికీ సంబంధం లేదు. తాడును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, లాక్ డొక్క కదలకుండా మెల్లగా కోసేవాడికి అది మోగకపోవచ్చు. కాబట్టి మొదటి రకం వాడేవాళ్లు తాడును బిగుతుగా లాగి, డొక్క బండి ఫ్రేముకు ఆనుకుని ఉండేలా వేయాలి. తాడు మీద చెయ్యి పడితే ఆ అదురు డొక్కదాకా చేరుతుంది. తాడు వదులుగా వేలాడుతుంటే అదురంతా తాడులోనే చచ్చిపోతుంది.

అంగడిలోనే పరీక్ష చేయండి. లాక్ వేసి, అది సిద్ధమయ్యేదాకా ఆగి, డొక్కను తట్టి ఊపండి. మోగితే అందులో కదలికను కనిపెట్టేది ఉన్నట్టే, ఎంత ఊపినా మోగకపోతే అది తాడు తెగితేనే మోగే రకం కావచ్చు. ఈ పరీక్ష చేసేటప్పుడు చెవి దగ్గర పెట్టుకోవద్దు. అట్ట మీద 110 డెసిబెల్ అని రాసి ఉంటే, అది చెవులు గింగురుమనే మోత.

ఆ 110 అన్న అంకెను కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. మామూలుగా అది ఒక మీటరు లోపలి దూరంలో కొలిచినది. ఆరుబయట దూరం రెండింతలైన ప్రతిసారీ 6 డెసిబెల్ తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 110 ఉంటే 8 మీటర్ల దగ్గర 92, 32 మీటర్ల దగ్గర 80. మధ్యలో గోడ అడ్డొస్తే ఇంకా తక్కువ. మూడో అంతస్తులో ఫ్యాను వేసుకుని, కిటికీలు మూసుకుని పడుకున్నవాళ్లకు కింద సెల్లారులో మోగే లాక్ వినపడుతుందన్న భరోసా లేదు. ఒకరోజు రాత్రి ఒకరిని కింద నిలబెట్టి మోగించి, పైన పడకగదిలో వినండి. వినపడకపోతే, వాచ్‌మన్ గదికి ఎదురుగా ఉన్న స్తంభానికి బండి మార్చండి.

తాడు పొడవు, లావు

కొనేముందు ఇంట్లో ఒక పురికొస తీసుకుని, బండికి తాడు ఎలా చుట్టాలనుకుంటున్నారో అలా చుట్టి, ఆ కొసను కొలవండి. సైకిలుకు 1.2 మీటర్లు సరిపోతుంది. మోటార్‌సైకిలు చక్రం, ఫ్రేము, పక్కనున్న స్తంభం, పైన హెల్మెట్ కూడా కలవాలంటే 1.5 నుంచి 1.8 మీటర్లు కావాలి. అంతకన్నా పొడవైతే మిగిలిన తాడు నేల మీద పడుతుంది. నేల మీద పడిన తాడును కట్టర్ కింద పెట్టి, కట్టర్ పిడిని కాలితో తొక్కి కోయడం సులువు. గాల్లో బిగుతుగా ఉన్నదాన్ని కోయాలంటే చేతుల బలం అంతా పెట్టాలి.

లావు చూసేటప్పుడు పైన ప్లాస్టిక్ తొడుగుతో మోసపోవద్దు. 12 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది, అందులో తొడుగే చాలా మందం ఉండొచ్చు. తాడు కొస లోహపు టోపీలోకి దూరే చోట పరిశీలనగా చూస్తే లోపలి ఉక్కు లావు కొంత తెలుస్తుంది. చేత్తో వంచి చూడండి: అతి సులువుగా వంగిపోయేదాంట్లో ఉక్కు తక్కువ.

సెల్లులు వేయడం

ఎక్కువ లాకుల్లో ఆరు బటన్ సెల్లులు పడతాయి. రకం ఎల్‌ఆర్44, కొన్ని అట్టల మీద ఏజీ13 అని ఉంటుంది, రెండూ ఒకటే సైజు: 11.6 మిల్లీమీటర్ల వెడల్పు, 5.4 మిల్లీమీటర్ల మందం. ఒక్కోటి 1.5 వోల్టులు, ఆరూ ఒకదాని వెనక ఒకటి పేర్చితే 9 వోల్టులు. గడియారాల రిపేరు అంగళ్లలో దొరుకుతాయి.

కొత్త లాకులో సెల్లుల మధ్య పల్చని ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉండొచ్చు. అది పీకేదాకా కూత రాదు. 'కొత్తదే, మోగట్లేదు' అన్న ఫిర్యాదులు కొన్ని దీనివల్లే.

మూత స్క్రూలు చిన్నవి. గడియారాల వాళ్లు వాడే సన్న స్క్రూడ్రైవరుతో, కింద తెల్లగుడ్డ పరుచుకుని విప్పండి, జారిన స్క్రూ కనపడుతుంది. సెల్లులను పొడి గుడ్డతో తుడిచి, అంచులు పట్టుకుని గొట్టంలోకి ఒక్కొక్కటిగా జార్చండి. అన్నీ ఒకే వైపు చూడాలి. ఒకటి తిరగబడితే అది మిగతావాటి మీద పనిచేస్తుంది: ఐదు కలిపి 7.5 వోల్టులు ఇస్తే, తిరగబడింది అందులోంచి 1.5 తీసేస్తుంది, మిగిలేది 6. అప్పుడు లైటు వెలుగుతుంది, బీప్ వస్తుంది, అసలు కూత మాత్రం బొంగురుగా వస్తుంది. కొత్త సెల్లులు వేసినా గొంతు బొంగురుపోతే మొదట చూడాల్సింది ఇదే.

ఆరింటినీ ఒకేసారి మార్చండి. రెండు పాతవి, నాలుగు కొత్తవి కలిపితే పాతవి ముందు ఖాళీ అయి, మిగతావి వాటిని ఇంకా పిండుతాయి, చివరికి అవి కారుతాయి. కారిన సెల్లు చుట్టూ తెల్లని పొడి పేరుకుంటుంది. అది క్షారం, చేతికి అంటితే మంట. ఇయర్‌బడ్డును నిమ్మరసంలో ముంచి పొడి మీద రుద్దండి, నురగ ఆగాక తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు కొత్తవి వేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. విప్పిన పాత సెల్లులను బల్ల మీద వదిలేయకండి. చంటిపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోపే అన్నవాహికను కాల్చేయగలవు. మింగారని అనుమానం వచ్చినా, వాంతి చేయించే ప్రయత్నం మాని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత సెల్లులకు టేపు చుట్టి, మూతున్న డబ్బాలో వేసి, పిల్లలకు అందని చోట పెట్టండి.

మొదటిసారి వేసి చూడటం

తాడు పిన్నుకు, అంటే డొక్కలోకి దూరే లోహపు కొసకు, ఒక వైపు చిన్న గుంట గానీ లోహపు చుక్క గానీ ఉండే లాకులు చాలా. ఆ వైపు లోపలి స్విచ్చుకు తగిలేలా దూర్చితే అలారం పనిచేస్తుంది. పిన్నును తిప్పి, రెండో వైపుగా దూర్చితే అది మాటలేని మామూలు బీగం. కొన్నిట్లో దీనికి వేరే మీట ఉంటుంది. మీ లాక్ ఏ పద్ధతిదో ఇంట్లోనే నేర్చుకోండి, ఎందుకంటే తిరుపతిలో మూగగా వేయాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. అవి కింద చెప్తాం.

అలారం వైపు వేశాక మామూలుగా జరిగేది ఇది. పిన్ను 'టక్' మని కూర్చుంటుంది, ఒక బీప్. పది, పదిహేను సెకన్ల గడువు. ఆ తర్వాత లాక్ కాపలాకు సిద్ధం. మొదటి తట్టుకు రెండు మూడు చిన్న బీపులు, అది హెచ్చరిక. కొన్ని సెకన్లలో మళ్లీ కదిలితే అసలు కూత, పది సెకన్లో ఇంకొంచెంసేపో మోగి ఆగుతుంది. ఆగాక మళ్లీ కాపలాకు సిద్ధమవుతుంది.

గడువులో బండిని ముట్టుకోకూడదు. చాలామంది చేసే పొరపాటు: లాక్ వేస్తారు, తర్వాత హ్యాండిల్ తిప్పి దాని బీగం వేస్తారు, సైడ్ స్టాండు సరిచేస్తారు, డిక్కీలోంచి సంచి తీస్తారు. లాక్ అరుస్తుంది, విసుక్కుని తీసేస్తారు. అలారం బీగం అన్నిటికన్నా చివర వేయాలి. ముందు సెంటర్ స్టాండు, తర్వాత హ్యాండిల్ బీగం, తర్వాత సంచి తీసుకోవడం, ఆఖరున కేబుల్. వేసి, రెండడుగులు వెనక్కి జరిగి, పదిహేను లెక్కపెట్టి, సీటు మీద ఒక్క తట్టు తట్టండి. చిన్న బీప్ వచ్చిందా, పోవచ్చు.

సెంటర్ స్టాండు అని ఊరికే అనలేదు. సైడ్ స్టాండు మీద ఒరిగిన బండి గాలికి ఊగుతుంది. లాక్ దాన్ని దొంగ చెయ్యి అనుకుంటుంది.

నంబరు లాక్ అయితే, అంకెలు మార్చే పద్ధతి: అంగడి నుంచి వచ్చిన నంబరుకు (సాధారణంగా 0000) చక్రాలు కలిపి తెరవండి. లోపలి గొట్టాన్నో పక్క మీటనో కాగితంలో చెప్పిన వైపు తిప్పండి. కొత్త అంకెలు పెట్టండి. గొట్టాన్ని వెనక్కి తిప్పండి. పిన్ను దూర్చకముందే రెండుసార్లు కలిపి చూసుకోండి, తిప్పేటప్పుడు ఒక చక్రం ఒక అంకె జారి ఉంటే మీ లాక్ మీకే తెరుచుకోదు. నాలుగు చక్రాలంటే పదివేల నంబర్లు. అన్ని ఉన్నా మనవాళ్లు చాలామంది పెట్టేది నంబరు ప్లేటు మీద చివరి నాలుగంకెలే. అది బండి వెనకే రాసి ఉంటుంది! పుట్టిన సంవత్సరం కూడా వద్దు. మూసేటప్పుడు ఒక్క చివరి చక్రమే తిప్పి వదలొద్దు, నాలుగూ తిప్పండి.

సైకిలుకు బ్రాకెట్

యూనివర్సిటీ హాస్టళ్లలో సైకిళ్లు వాడే పిల్లలకు ఇది కావాలి. లాకుతో వచ్చే ప్లాస్టిక్ బ్రాకెట్‌ను సీటు కింది గొట్టానికి బిగిస్తే, నడిపేటప్పుడు లాక్ దానిలో కూర్చుంటుంది. గొట్టం చుట్టూ ముందు రబ్బరు పట్టీ వేయండి. అది లేకపోతే గతుకుల్లో బ్రాకెట్ తిరిగిపోతుంది. పట్టీ పోయి ఉంటే పాత ట్యూబు ముక్క అడిగితే పంక్చరు అంగట్లో ఇస్తారు. స్క్రూలను రెండు వైపులా కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి, ఒకవైపే పూర్తిగా బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. బిగించాక పెడలు చేత్తో వెనక్కి తిప్పుతూ మోకాలు, తొడ లాకుకు తగులుతాయేమో చూడండి. నడిపేటప్పుడు పిన్నును అలారం వైపు దూర్చి ఉంచితే దారంతా మోగుతుంది, తిప్పి పెట్టండి.

తాడు ఎక్కడెక్కడ పోవాలి

బండిలో బరువైన భాగం ఏదో, అది కదలని దేనికో కలవాలి. ఒక్క చక్రానికే చుట్టిన తాడు బండిని నడపనివ్వదు, కానీ ఇద్దరు పట్టి ఆటోలోకి ఎత్తడాన్ని ఆపదు.

మోటార్‌సైకిలుకు: వెనక చక్రం ఊచల మధ్యగా, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప చేయి) చుట్టూ తిప్పి, పక్కనున్న ఇనుప స్తంభానికి. హెల్మెట్ గడ్డం పట్టీలోంచి తీస్తే పట్టీని బ్లేడుతో కోసేస్తారు. హెల్మెట్ ముందు తెరపు సందులోంచి, అంటే ముఖం పెట్టే చోటునుంచి తాడు పోనివ్వండి.

స్కూటరుకు: ఫ్రేము బయటికి కనపడదు. సీటు వెనక పట్టుకునే కమ్మీకి చుట్టేవాళ్లు ఎక్కువ, అది రెండు మూడు బోల్టుల మీద ఉంటుంది, స్పానరుతో విప్పొచ్చు. ముందు చక్రం ఊచల మధ్యగా, ఆ చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు చుట్టూ తిప్పండి. దీంతో ఒక ప్రమాదం ఉంది: మరిచిపోయి బండి ముందుకు ఉరికిస్తే చక్రం పట్టేసి కింద పడతారు. ఎర్రని గుడ్డముక్క ఒకటి లాకుకు కట్టి ఉంచుకుని, లాక్ వేసినప్పుడల్లా దాన్ని ఎక్సలేటరు పిడికి చుట్టండి. చేయి అక్కడ పడగానే గుర్తొస్తుంది.

సైలెన్సరుకు తాడు తగలకూడదు. వేడి సైలెన్సరు మీద ప్లాస్టిక్ తొడుగు కరిగి అంటుకుపోతుంది, తొడుగు పోయిన చోట వానకు ఉక్కు పోగులు తుప్పుపడతాయి. లాక్ డొక్క నేలకు తగలకుండా, బీగం చెవి రంధ్రం కిందికి చూసేలా ఉంచండి. నేల మీద ఉంటే సుత్తితో కొట్టడానికి దిమ్మె దొరికినట్టే, రంధ్రం పైకి ఉంటే వాననీళ్లు నేరుగా లోపలికి పోతాయి.

ఎక్కడ మోగనివ్వాలి, ఎక్కడ మూగగా ఉంచాలి

'నాన్నా పులి' కథ మన పిల్లలందరికీ తెలుసు. అలారం లాక్ పాడయ్యేది ఎక్కువగా అట్లే. ఒక వీధిలో రోజుకు నాలుగుసార్లు ఊరికే అరిచే లాకును ఐదో రోజు ఎవరూ పట్టించుకోరు. అప్పుడిక దొంగ వచ్చి మోగించినా, 'మళ్లీ ఆ బండేలే' అనుకుని టీ తాగుతారు.

డబ్బులు కట్టే సైకిల్ స్టాండులో మూగగా వేయండి. రైల్వే స్టేషన్, బస్టాండ్ చుట్టుపక్కల స్టాండుల్లో బండ్లు అంగుళం సందు లేకుండా పెడతారు. పక్కవాడు తన బండి తీయాలంటే మీది కదిలించక తప్పదు, స్టాండు మనిషి వరసలు సర్దుతాడు. అక్కడ అలారం ప్రతి అరగంటకూ మోగుతుంది, సాయంత్రానికి సెల్లులు పోతాయి, స్టాండు వాళ్లకు మీ బండి మీద కోపం వస్తుంది. అక్కడ టోకెనే మీ కాపలా. స్తంభానికి కలిపి కట్టొద్దు, వాళ్లు కదిలించుకునేలా చక్రానికి మాత్రం వేయండి, వాళ్లకు ఆ మాట చెప్పండి.

శ్రీవారి మెట్టు దారిన తిరుమల కొండకు నడిచిపోయేవాళ్ల సంగతి వేరు. శ్రీనివాస మంగాపురం వైపు కింద బండి పెట్టి మెట్లెక్కుతారు. దారి చిన్నది, రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కానీ పైన దర్శనం ఎప్పుడవుతుందో ముందే చెప్పలేం. దిగేటప్పుడు బస్సులో తిరుపతి ఊర్లోకి వచ్చి, అక్కడినుంచి మళ్లీ మంగాపురం వైపు ఆటోలో పోయి బండి తీసుకోవాలి. అంటే ఒక పగలు, ఒక్కోసారి ఒక రాత్రి కూడా బండి ఒంటరిగా ఉంటుంది. ఇక్కడ అలారం ఉండాలి, కానీ బండి చెట్ల కింద కాకుండా మనుషులు కూర్చునే అంగడికి ఎదురుగా ఉండాలి. చెట్ల కింద ఎందుకు వద్దంటే కోతులు. సీటు మీద దూకుతాయి, అద్దం పట్టుకుని ఊగుతాయి, సంచి కనపడితే పీకుతాయి. బండి మీద తినే వస్తువు, కవరు ఏదీ వదలకండి. హెల్మెట్‌లో అరటిపండు పెట్టిపోతే లాక్ మధ్యాహ్నందాకా మోగుతూనే ఉంటుంది. ఎదురంగడి ఆయనకు ఒక మాట చెప్పి పోండి: "అన్నా, ఈ బండికి అలారం ఉంది, బీప్ బీప్ అని ఆగిపోతే ఏమీ లేదు, గట్టిగా కూసిందంటే మాత్రం ఒకసారి చూడన్నా." ఈ ఒక్క మాట విలువ చాలా ఎక్కువ. ఏ కూత మామూలుది, ఏ కూత దొంగది అని ఆయనకు తేడా తెలిసింది.

అలిపిరి మీదుగా బండిలోనో బస్సులోనో కొండకు పోతుంటే, తనిఖీ దగ్గరికి చేరకముందే లాకును తెరిచి, పిన్ను విడిగా పెట్టి సంచిలో పైకి కనిపించేలా ఉంచండి. సంచులు స్కానింగ్ యంత్రంలో పోతాయి, వాటిని కదిలిస్తారు. అంతమంది భక్తుల మధ్య ఒక్కసారిగా సైరన్ మోగితే గందరగోళం, మీకూ సమాధానం చెప్పుకోవాల్సిన పని. సెల్లులు తీసేసి పోతే ఇంకా నిశ్చింత. కొండమీద వసతి హాళ్లలో సంచికి వేసేవాళ్లు రాత్రిపూట మూగగానే వేయండి. పక్కన పసిపిల్లలు పడుకుని ఉంటారు.

రైల్లో కదలిక రకం పనికిరాదు. పెట్టె ఊగుతూనే ఉంటుంది, లాక్ కూస్తూనే ఉంటుంది. మామూలు బీగంలా తిప్పి, సీటు కింద గొలుసు వేసుకోవడానికి ఉన్న రింగుకు రెండు సంచుల పిడులనూ కలిపి వేయండి. తాడు తెగితే మోగే రకం మీ దగ్గర ఉంటే రైలుకు అంతకన్నా మంచిది లేదు. ఘాట్ రోడ్డు బస్సుకూ ఇదే మాట.

ఇంటి ముందు, సందులో రాత్రిపూట అలారం తప్పకుండా ఉండాలి. వీధికుక్కలు బండి సీటెక్కి పడుకునే అలవాటుంటే సీటు మీద ఒక పాత గోనెసంచి నిలువుగా కట్టి చూడండి, లేదా గేటు లోపలికి మార్చండి. పక్కింటివాళ్లకు మీ ఫోను నంబరు ఇచ్చి ఉంచండి.

ఎండ, వాన, దుమ్ము

మే నెలలో మన దగ్గర నీడలోనే 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో నిలబెట్టిన బండి మీది నల్లని లాక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి బటన్ సెల్లులు త్వరగా డస్సిపోతాయి, కారుతాయి. ఎండాకాలంలో నెలకొకసారి మూత విప్పి చూడండి. మల్టీమీటరు ఉంటే ఒక్కో సెల్లు 1.35 వోల్టుల కిందికి దిగిందంటే ఆరూ మార్చండి. మీటరు లేకపోతే చెవే మీటరు: కూత మొదలై చివరికి వచ్చేసరికి గొంతు పడిపోతుంటే టైం అయింది.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లైనప్పుడు బండ్లు నీళ్లలో కొట్టుకుపోయాయి. అలాంటి నీళ్లలో మునిగిన లాకునుంచి ముందు సెల్లులు తీసేయాలి, బురదపోయేలా మంచినీళ్లతో కడిగి, మూత తెరిచి నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. కొనేటప్పుడు అట్ట మీద ఐపీ44 అని ఉంటే చినుకులకు తట్టుకుంటుంది, ఐపీ65 అంటే దుమ్ము చొరబడదు, పైపు నీళ్ల ధారకూ ఓర్చుకుంటుంది, ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఏమీ రాయకపోతే వానకు పనికిరాదనే అనుకోండి. ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టి కాపాడాలని చూడొద్దు, కూత బయటికొచ్చే రంధ్రాలు మూసుకుంటాయి. పైన గొడుగులా వేలాడే రెక్సిన్ ముక్క కట్టి, కింద తెరిచి ఉంచండి. సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు లాకును తీసుకునే వెళ్లండి, పంపు నీళ్లు దీని మీద పడకూడదు.

చెవి బిగుసుకుపోతే కొబ్బరినూనె పోసే అలవాటు మన ఇళ్లలో ఉంది. పోయొద్దు. నాలుగు రోజులు మెత్తగా తిరుగుతుంది, తర్వాత దుమ్మంతా దానికి పట్టి జిడ్డు గట్టిపడుతుంది. పెన్సిల్ ముల్లును బ్లేడుతో మెత్తగా గీకి, ఆ నల్లపొడిని బీగం చెవికి అద్ది, రంధ్రంలో పెట్టి పదిసార్లు లోపలికీ బయటికీ తియ్యండి. గ్రాఫైట్ పొడి అంటే అదే. ఆ పొడిని సెల్లుల గదిలోకి మాత్రం పోనివ్వద్దు, దానిగుండా కరెంటు పారుతుంది.

మోగినప్పుడు

కిటికీ లోంచి లైటు వేసి, గట్టిగా కేకేయండి, పక్కవాళ్లను లేపండి, 112కు ఫోను చేయండి. ఒంటరిగా దిగి చెయ్యి పట్టుకోవడానికి పోవద్దు, కట్టర్ పట్టుకొచ్చినవాడి చేతిలో అదే ఆయుధం. తాడు కొంత కోసి వదిలేసిపోతే ఆ తాడును ఫొటో తీసి ఉంచండి, దాన్ని మళ్లీ వాడకండి, సగం పోగులు తెగిన తాడు ఉన్నా లేనట్టే. బండి పోతే వెంటనే స్టేషనులో ఫిర్యాదు రాసివ్వండి. ఇన్సూరెన్సు వాళ్లు బండి రెండు బీగం చెవులూ అడుగుతారు, కాబట్టి రెండోది పారేసుకోకుండా ఇంట్లో భద్రంగా ఉంచండి.

కేబుల్ లాకుతో వచ్చే రెండో చెవిని కూడా అదే గుత్తిలో పెట్టుకుని తిరగొద్దు. చెవులతో వచ్చిన రేకు బిళ్ల మీద చెవి నంబరు చెక్కి ఉంటే దాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టండి, బిళ్లను గుత్తినుంచి తీసేయండి. ఇంటికి దూరంలో చెవి పోతే, బీగాలు రిపేరు చేసేవాళ్లను పిలిపించండి. వాళ్లతో కాకపోతే తాడు కోయించాల్సిందే. కోయకముందు చుట్టుపక్కల అంగళ్లవాళ్లకు చెప్పి, ఆర్‌సీ, మీ ఆధార్ చేతిలో పట్టుకుని నిలబడండి. లాక్ మోగుతుంది, మోగనివ్వండి. ఎవరైనా వచ్చి "ఎవరిది బండి, కాగితం చూపించు" అని నిలదీస్తే కోపపడకుండా చూపించండి. అంతసేపు మోగినా ఎవరూ రాకపోతే, ఆ చోట మళ్లీ బండి పెట్టకండి.